చెవి మిషను: రుయా దారా, దుకాణం దారా? తిరుపతి, చిత్తూరు వాళ్ళకు ఒక సమీక్ష

తిరుపతిలో చెవి మిషను కావాలంటే రెండు దారులున్నాయి. ఒకటి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, సదరం (వైకల్య) సర్టిఫికెట్, ఆ తర్వాత పంపిణీ శిబిరం. డబ్బు పడదు, నెలలు పడతాయి. రెండోది నేరుగా దుకాణం. గంటలో చెవికి తగిలించి పంపిస్తారు, బిల్లు మాత్రం పదిహేను వేల నుంచి రెండు మూడు లక్షల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఉచితంగా ఇచ్చేది పనికిరాదని కొందరంటారు, దుకాణాలన్నీ దోపిడీ అని ఇంకొందరు. రెండిట్లోనూ సగమే నిజం. బీరువాల్లో మూలపడి ఉన్న మిషన్లను తీసి చూస్తే శిబిరంలో ఇచ్చినవీ ఉంటాయి, లక్ష పోసి కొన్నవీ ఉంటాయి. వాటిలో చాలావరకు యంత్రం బాగానే ఉంటుంది. చెవి ఆకారానికి పోసే అచ్చు సరిగా కుదరక, సెట్టింగు చెవికి తగ్గట్టు లేక, రెండోసారి చూపించుకోక పక్కన పడేసినవే ఎక్కువ. కాబట్టి ఏ దారిలో పోయినా ఈ మూడూ ఎవరు చేసిపెడతారో చూసుకుని పోవాలి.

పరీక్ష మాత్రం ఆసుపత్రిలోనే

మిషను ఎక్కడ తీసుకున్నా మొదటి పరీక్ష చెవి డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది. చిత్తూరు వాళ్ళకు జిల్లా ఆసుపత్రి ఉంది, గంట ప్రయాణంలో వేలూరు సీఎంసీ ఉంది. దుకాణంలో "ఉచిత వినికిడి పరీక్ష" అని బోర్డు ఉంటుంది. ఆ పరీక్ష మిషను అమ్మడానికి సరిపోతుంది, జబ్బు కనిపెట్టడానికి సరిపోదు. గులిమి గట్టిపడి చెవి మూసుకుపోయినా, పొరకు చిల్లు పడినా, పొర వెనక నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. వీటికి మిషను కాదు, వైద్యం కావాలి. ఒక చెవి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లో వినపడకుండా పోతే అది అత్యవసరం. ఎంత త్వరగా డాక్టరు చూసి మందు మొదలుపెడితే తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ. అలాంటి మనిషిని దుకాణానికి తీసుకుపోయి రోజులు పోగొట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

పరీక్ష అయ్యాక చేతికిచ్చే కాగితం ఆడియోగ్రామ్. ఎర్ర సున్నాలు కుడిచెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమచెవి. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు శబ్దం సన్నదనం, నిలువునా డెసిబెళ్ళలో శబ్దం గట్టిదనం. గుర్తులు ఎంత కిందికి దిగితే వినికిడి అంత పోయినట్టు. 500, 1000, 2000, 4000 దగ్గరి అంకెలు నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే సగటు వస్తుంది. ఇక ఎయిర్ గీత (చెవి దారిన వినిపించినది), బోన్ గీత (చెవి వెనక ఎముక మీదుగా వినిపించినది) అని రెండుంటాయి. రెండూ కలిసి కిందికి దిగితే లోపం లోపలి చెవిలోనో నరంలోనో ఉన్నట్టు, సాధారణంగా మిషనే దారి. బోన్ గీత బాగా పైన ఉండి, ఎయిర్ గీత కింద ఉంటే లోపం పొరలోనో చిన్న ఎముకల్లోనో ఉన్నట్టు. అలాంటప్పుడు ఆపరేషన్‌తో బాగయ్యే వీలుందా అని డాక్టరును అడగకుండా మిషను కొనకూడదు.

పెద్దవాళ్ళు "వినిపిస్తా ఉంది గానీ అర్థం కాలేదప్పా" అంటుంటారు. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నని శబ్దాలను తినేస్తుంది. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. పాట, తాట, కాట మూడూ ఒకటే అయిపోతాయి. అందుకే శబ్దం వినిపిస్తుందా లేదా అని చూసే పరీక్షతో ఆగకుండా మాటల పరీక్ష కూడా చేయించాలి. వేలూరుకో చెన్నైకో పోతే తెలుగు మాటల జాబితాతో చెయ్యమని అడగండి. తమిళం వచ్చీరాని మనిషికి తమిళ జాబితాతో చేస్తే మార్కులు తగ్గుతాయి, ఆ తగ్గింది చెవి లెక్కలో పడిపోతుంది.

ప్రభుత్వ దారిలో రెండు తలుపులు

మొదటిది అడిప్, వికలాంగులకు పరికరాలిచ్చే పథకం. కేంద్ర సామాజిక న్యాయ శాఖది. కాన్పూరులో 1972లో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఆలింకో దీనికి ప్రధానంగా పరికరాలు ఇస్తుంది. 40 శాతం వైకల్య సర్టిఫికెట్ ఉండాలి. నెలకు అన్ని రకాల రాబడీ కలిపి 22,500 రూపాయల లోపుంటే మిషను పూర్తిగా ఉచితం, అక్కడి నుంచి 30,000 వరకు సగం ధర. గత మూడేళ్ళలో ఇదే పరికరం ఎక్కడా తీసుకుని ఉండకూడదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఆ గడువు ఒక సంవత్సరమే.

సర్టిఫికెట్ కోసం సచివాలయంలో గానీ మీ సేవలో గానీ సదరం స్లాట్ పెట్టుకోవాలి. స్లాట్లు ఎప్పుడంటే అప్పుడు ఉండవు, వదిలిన కొద్దిసేపటికే అయిపోవడం మామూలే. కాబట్టి సచివాలయంలో ముందే చెప్పిపెట్టుకోవాలి. ఆధార్, బియ్యం కార్డు, ఫొటోలు, పాత వైద్య కాగితాలు పట్టుకుపోవాలి. 40 శాతం నుంచి 80 లోపు వాళ్ళకు యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) పసుపు రంగులో, 80, ఆపైన ఉన్నవాళ్ళకు నీలం రంగులో వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా. శ్రీకాళహస్తి వాళ్ళ పని ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే, పలమనేరు, కుప్పం వాళ్ళది చిత్తూరులో. ఆధార్‌లో చిరునామా పాతదే ఉంటే అక్కడే చిక్కుపడుతుంది, స్లాట్ కంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఈ తలుపుకు ఒక పెద్ద లోపం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వినికిడి వైకల్యం అంటే రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ళు, ఆపైన లోపం. మిషను అవసరమేమో 35, 40 డెసిబెళ్ళ దగ్గరే మొదలవుతుంది. 50 డెసిబెళ్ళ లోపం ఉన్న మనిషికి పక్క గదిలోంచి పిలిస్తే వినపడదు, ఫోన్లో మాట తెలియదు, బస్సులో కండక్టరు అడిగేది అందదు. అయినా సర్టిఫికెట్ రాదు. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగున్నా ఇదే కథ. సదరంలో "రాలేదు" అని తిరిగొచ్చిన వాళ్ళలో చాలామంది తమ చెవి బాగానే ఉన్నట్టు అనుకుని ఊరుకుంటారు. అది తప్పు. సర్టిఫికెట్ రాకపోవడం వేరు, మిషను అక్కరలేకపోవడం వేరు.

దీనికి తిరగబడిన పొరపాటు ఇంకొకటుంది. సర్టిఫికెట్ వచ్చి నెలకు 6,000 ఎన్టీఆర్ భరోసా పింఛను తీసుకుంటూ, మిషను పెట్టుకుంటే పింఛను తీసేస్తారేమో అని భయపడేవాళ్ళు. శాతం లెక్కగట్టేది మిషను తీసేసి ఉన్న చెవికి. మిషను పెట్టుకున్నంత మాత్రాన శాతం తగ్గదు.

రెండో తలుపు రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017లో మొదలైంది. అరవై ఏళ్ళు దాటి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు, లేదా నెల రాబడి 15,000 మించని వాళ్ళకు చేతికర్రలు, కళ్ళజోళ్ళు, కట్టుడుపళ్ళతో పాటు చెవి మిషన్లూ ఇస్తారు. దీనికి వైకల్య సర్టిఫికెట్ అడగరు, శిబిరంలో పరీక్షించి రాసుకుంటారు. సదరంలో శాతం రాని 65 ఏళ్ళ రైతుకు సరైన తలుపు ఇదే. ఆలింకో ఒక సంవత్సరం ఉచితంగా మరమ్మతు చెయ్యాలని కూడా పథకంలో ఉంది. ఇంత మంచి పథకం గురించి ఊళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ. కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయం ఉంటుంది. శిబిరం ఎప్పుడని అక్కడ అడగాలి, పేరు రాయించి రావాలి.

రెండు పథకాల్లోనూ వరస ఒకటే. ముందు గుర్తింపు శిబిరం, తర్వాత జాబితా, ఆ తర్వాత పంపిణీ. మధ్యలో నెలలు గడుస్తాయి. గుర్తింపు శిబిరం ఏ ఫంక్షన్ హాల్లోనో, బడి ఆవరణలోనో పెడతారు. మైకులు, జనం, ఫ్యాన్లు. ఆ గోలలో చేసిన పరీక్షలో బొంగురు (తక్కువ హెర్ట్జ్) శబ్దాల దగ్గర లోపం ఉన్నదానికంటే ఎక్కువ పడుతుంది. అందుకే సౌండ్ రూములో తీసిన రుయా ఆడియోగ్రామ్ జిరాక్సు చేతిలో ఉంచుకుని, దాన్నే చూడమని చెప్పాలి.

ఉచిత మిషను ఎలా ఉంటుంది

చెవి వెనక తగిలించుకునే రకం, బీటీఈ అంటారు. డిజిటల్‌దే. పనితనంలో దుకాణంలో అమ్మే అడుగు వరస మిషనుకు దగ్గరగా ఉంటుంది. ఇంట్లో ఎదురెదురుగా మాట్లాడుకోవడానికి, టీవీకి, గుడికి సరిపోతుంది. పెళ్ళిలో, బస్టాండులో తేలిపోతుంది. అయితే ఖరీదైనవి కూడా ఆ చోట్ల ప్రకటనల్లో చెప్పినంత బాగా పనిచెయ్యవు, అది వేరే సంగతి.

తీసుకునేటప్పుడే అడగాల్సినవి కొన్నున్నాయి. కంప్యూటరుతో సెట్టింగు మార్చేదా, లేక చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పే మరలున్నదా? రెండు చెవులకూ ఇస్తున్నారా? సెల్లులు ఎన్నిస్తున్నారు, ఏ సైజు? వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు రాశారా? అన్నిటికంటే ముఖ్యం, చెవి అచ్చు తీసి ఇస్తున్నారా, రెడీమేడ్ రబ్బరు టిప్పుతో పంపిస్తున్నారా? టిప్పుతో ఇస్తే ఆ మిషను సగం దారిలో ఉన్నట్టే. అచ్చు బయట చేయించుకుని మిగతా సగం మనమే పూర్తి చేసుకోవాలి. దానికయ్యేది ఐదొందల నుంచి రెండు వేల దాకా. ఈ ఖర్చు పెట్టినవాళ్ళకు ఉచిత మిషను పనికొచ్చింది, పెట్టనివాళ్ళకు ఈల కొట్టింది.

అచ్చు తీసే పది నిమిషాలు

ఈ పని సరిగా జరుగుతోందో లేదో పక్కన నిలబడి చూసినా తెలుస్తుంది. మొదట లైటుతో చెవి లోపల చూడాలి. గులిమి ఉంటే తీయించుకురమ్మని పంపాలి. దాని మీదే అచ్చు పోసేవాడి దగ్గర కూర్చోవద్దు. తర్వాత దారం కట్టిన చిన్న దూది ముక్కను, లేదా స్పాంజిని, చెవి లోపలికి రెండో వంపు దాటేదాకా తొయ్యాలి. ఇది అడ్డుకట్ట, మెత్తటి పదార్థం పొర దాకా పోకుండా ఆపుతుంది. అడ్డు పెట్టకుండా పోస్తుంటే లేచి వచ్చెయ్యండి. పొరకు అంటుకుంటే ఆసుపత్రి పని అవుతుంది. రెండు రంగుల సిలికాన్ ముద్దలు కలిపి సిరంజిలో నింపి, లోపలి నుంచి బయటికి ఆపకుండా నింపుకుంటూ రావాలి. అది గట్టిపడే ఐదారు నిమిషాల్లో కొంతసేపు నోరు తెరిచి మూయమనాలి, దవడ కదిలితే చెవి దారి ఆకారం మారుతుంది కాబట్టి. బయటికి తీశాక అచ్చు తోక పొడుగ్గా, రెండో వంపు కనిపించేలా, గుంటలు లేకుండా ఉండాలి. తోక పొట్టిగా ఉంటే మళ్ళీ తీయమనడానికి మొహమాటపడొద్దు. పొట్టి అచ్చు పక్కల నుంచి శబ్దం బయటికి కారి మళ్ళీ మైకులోకి దూరుతుంది. ఈల అదే. ఈల ఆపడానికని శబ్దం తగ్గిస్తారు, తగ్గిస్తే వినపడదు, వినపడకపోతే మిషను బీరువాలోకి పోతుంది.

లోపం బాగా ఉన్నవాళ్ళకు అచ్చు బిగువుగా ఉండాలి. బొంగురు శబ్దాలు బాగానే వినిపించి సన్నవి మాత్రమే పోయినవాళ్ళకు గాలి ఆడే చిన్న రంధ్రం పెట్టించాలి. లేకపోతే తన గొంతు తనకే బావిలోంచి వచ్చినట్టుందని విసుక్కుంటారు. మిషనునూ అచ్చునూ కలిపే పారదర్శక ట్యూబు మూడు నుంచి ఆరు నెలల్లో పసుపు తిరిగి గట్టిపడుతుంది. అప్పుడు మార్చాల్సింది ఆ ట్యూబునే, ఖర్చు కూడా తక్కువ.

దుకాణం దారి

తొందరగా దొరకడం, సెట్టింగు ఎన్నిసార్లైనా మార్చుకోగలగడం దీని బలం. రెండోదే అసలైన విలువ. ఆ రెండోది ఇవ్వని దుకాణంలో కొనడం దండగ.

మొదట చూడాల్సింది గోడ మీద. ఆడియాలజిస్టుకు, అంటే వినికిడి పరీక్షించి మిషను సెట్టింగు పెట్టే నిపుణుడికి, నాలుగేళ్ళ బీఏఎస్ఎల్‌పీ డిగ్రీ, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉండాలి. నంబరు అడిగితే చెప్పాలి. చాలాచోట్ల సేల్స్ కుర్రాడే పరీక్ష చేసి, అమ్మి, సెట్టింగు పెట్టి పంపిస్తాడు. ఆడియాలజిస్టు వారానికి ఒకరోజు వచ్చేటట్టయితే ఆ రోజే పోవాలి.

ధరలు చెవికి లెక్కవేసుకోవాలి. అడుగు వరస డిజిటల్ బీటీఈ సుమారు 15 నుంచి 25 వేలు. నడిమి వరస 30 నుంచి 60 వేలు. పైన లక్ష దాటి పోతూనే ఉంటుంది. ఫోనాక్, సిగ్నియా, ఓటికాన్, రీసౌండ్, వైడెక్స్, స్టార్కీ, ఏ పేరైనా ఒకే వరసలో తేడాలు పెద్దగా ఉండవు. వరసలు మారేకొద్దీ పెరిగేది ఛానెళ్ళు (శబ్దాన్ని సన్నదనం వారీగా విడదీసి సర్దే భాగాలు), ముందు నుంచి వచ్చే మాటను పట్టుకునే మైకుల తెలివి, గోల తగ్గించే పని, ఫోనుతో బ్లూటూత్. రోజూ అంగట్లో కూర్చునే వ్యాపారికి, పాఠం చెప్పే మాస్టరుకు, ఫోన్లోనే పని నడిచే మనిషికి నడిమి వరస డబ్బు వసూలవుతుంది. ఇంటిపట్టున ఉండే డెబ్భై ఏళ్ళ మనిషికి 48 ఛానెళ్ళు అంటగట్టడం అన్యాయం. నలభై వేలే ఉంటే ఒక చెవికి నలభైది కంటే రెండు చెవులకు ఇరవై చొప్పున తీసుకోవడం మేలు, రెండు చెవుల్లోనూ లోపం ఉన్నప్పుడు. శబ్దం ఏ పక్క నుంచి వస్తోందో తెలియాలన్నా, గోలలో మాట విడదీసుకోవాలన్నా రెండు చెవులూ కావాలి.

ఆకారం దగ్గర అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ ఇద్దరికీ ఆశ. కనపడకుండా చెవిలో దూరిపోయే సీఐసీ అందరికీ ముద్దొస్తుంది. లోపం 70 డెసిబెళ్ళు దాటితే దానికి బలం చాలదు. వేళ్ళు వణికేవాళ్ళు దాని సెల్లు మార్చలేరు. చెవి కారే అలవాటున్నవాళ్ళు అసలు పెట్టుకోకూడదు. గట్టి లోపం ఉన్నవాళ్ళకు పెద్ద సెల్లు పట్టే పవర్ బీటీఈ, మంచి అచ్చు, అంతే. సన్నని తీగ చివర స్పీకరుండే ఆర్ఐసీ రకం వయసు చెవుడుకు బాగా నప్పుతుంది. కానీ ఆ స్పీకరు చెవిలోనే ఉంటుంది గనక గులిమి పడి మూసుకుపోతుంది. చివర ఉండే తెల్లని జల్లెడ ముక్క, వాక్స్ గార్డు, నెలకోసారైనా మార్చాలి. ఛార్జింగ్ రకం సెల్లు పట్టుకోలేని చేతులకు వరం. నాలుగైదేళ్ళకు లోపలి బ్యాటరీ బలహీనపడుతుంది, అది మార్చడానికి ఎంతవుతుందో కొనేరోజే రాయించుకోవాలి.

"60 శాతం తగ్గింపు" బోర్డులను పట్టించుకోవద్దు. అచ్చేసిన ధర పెంచి తగ్గించడం ఈ వ్యాపారంలో రివాజు. అదే మోడల్ పేరు చెప్పి ఇంకో రెండుచోట్ల, కుదిరితే చెన్నైలో, చివరి ధర అడిగితే అసలు ధర తేలుతుంది. చెవి మిషను మీద జీఎస్టీ లేదు. బిల్లులో మిషనుకు పన్ను కలిపి ఉంటే ఎందుకని అడగండి. బిల్లు మీద మోడల్, రెండు సీరియల్ నంబర్లు, వారంటీ ఎన్నేళ్ళో ఉండాలి. కొన్ని గొలుసు దుకాణాలు తమ పేరుతో అమ్మే మిషన్లకు తాళం వేసి ఉంటాయి, వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తప్ప ఇంకెక్కడా సెట్టింగు మారదు. అబ్బాయి బెంగళూరులో, అమ్మ పాకాలలో ఉండే ఇళ్ళకు ఇది ముందే తెలియాలి.

టీవీలో, ఆన్‌లైన్‌లో వెయ్యి రెండు వేలకు వచ్చేవి చెవి మిషన్లు కావు, శబ్దం పెంచే డబ్బాలు. ఏ శబ్దాన్ని ఎంతవరకు పెంచాలో వాటికి తెలియదు. గిన్నె కిందపడిన చప్పుడును కూడా మాటతో సమానంగా పెంచి చెవిలో కొడతాయి.

ట్రయల్ లేకుండా డబ్బు కట్టొద్దు

దుకాణంలోని నిశ్శబ్దమైన గదిలో ఏ మిషనైనా బాగానే ఉంటుంది. డిపాజిట్ కట్టించుకుని వారం ఇంటికి ఇచ్చేవాళ్ళున్నారు, వాళ్ళనే ఎంచుకోండి. మిషను పెట్టాక సౌండ్ రూములో స్పీకరు ఎదుట కూర్చోబెట్టి, పెట్టుకోకముందు ఎంత, పెట్టుకున్నాక ఎంత అని మళ్ళీ కొలిచి కాగితం మీద ఇవ్వమనాలి. చెవిలో సన్నని గొట్టం పెట్టి కొలిచే పద్ధతి ఇంకా ఖచ్చితం, ఆ యంత్రం ఉన్న దుకాణం దొరికితే వదలొద్దు.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. రెండు గజాల దూరంలో నిలబడి, నోటికి కాగితం అడ్డం పెట్టి, మామూలు గొంతుతో ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని వరస మార్చి పలకండి. ఆరూ వినిపించి తిరిగి చెప్పగలిగితే సెట్టింగు దారిలో ఉంది. ష్, స్ అందకపోతే సన్న శబ్దాలు చాలలేదు. ఊ, మ్ అందకపోతే బొంగురువి చాలలేదు. ఏది అందలేదో రాసుకుపోయి చెబితే ఆడియాలజిస్టుకు పని తేలిక. "బాగాలేదు" అంటే ఏం మార్చాలో ఆయనకూ తెలియదు.

మొదటి వారంలో ఫ్యాను, కాగితం గరగర, తన అడుగుల చప్పుడు పెద్దగా వినిపించి చిరాకు పడతారు. ఏళ్ళ తరబడి వినని శబ్దాలవి. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. సెట్టింగు కూడా ఒక్కసారిగా పూర్తి బలం పెట్టరు, రెండు మూడు విడతల్లో పెంచుతారు. ఆ విడతలకు పోకుండా మొదటిరోజు సెట్టింగుతోనే ఆగిపోయి, మిషను మంచిది కాదని తేల్చేసేవాళ్ళే ఎక్కువ.

ఎవరికి ఏది

చిన్నపిల్లల విషయంలో ఒక్క మాట. పుట్టిన బిడ్డ చప్పుడుకు ఉలిక్కిపడకపోతే "వాళ్ళ నాయన కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని ఆగొద్దు. నెల నిండేలోపు ఓఏఈ (పసిపిల్లల తొలి వినికిడి పరీక్ష), మూడు నెలల లోపు బెరా (వినికిడి నరం స్పందనను కొలిచే పరీక్ష), ఆరు నెలల లోపు మిషను, ఇదీ లెక్క. వీళ్ళకు ప్రభుత్వ దారే మెరుగు. జిల్లా డీఈఐసీ (పిల్లల లోపాలను ముందే గుర్తించే ప్రభుత్వ కేంద్రం) ఉంది, తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం కేంద్రంలో పసిపిల్లలకు తల్లులతో పాటు మాట నేర్పిస్తారు. మిషను చాలనంత లోపం ఉంటే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే పరికరం) ఎన్టీఆర్ వైద్య సేవలో ఉంది. దుకాణం మిషను అమ్ముతుంది, మాట నేర్పదు.

సదరం శాతం ఉన్న పేదవాళ్ళు ఉచిత మిషను తీసుకుని అచ్చుకు, సెట్టింగుకు ఖర్చుపెట్టుకోవడం తెలివైన పని. బయటి దుకాణం ప్రభుత్వ మిషనును ముట్టనంటే వాదించొద్దు, సెట్టింగు ఫీజు ఇంతని ముందే చెప్పే మరోచోట చూసుకోవాలి. అరవై దాటి శాతం రానివాళ్ళు వయోశ్రీ అడగాలి. అరవై లోపు వయసు, నడిమి లోపం, చిన్న ఉద్యోగం, వీళ్ళకే ఏ తలుపూ లేదు. దుకాణమే గతి. ఈఎస్ఐ కార్డుంటే తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రిలో, రైల్వే వాళ్ళు రైల్వే ఆసుపత్రిలో, మాజీ సైనికులు ఈసీహెచ్ఎస్‌లో ముందు అడగాలి. వీటిలో ముందస్తు అనుమతి లేకుండా కొనేసి బిల్లు పెడితే తిరిగిరావడం కష్టం. మైసూరు ప్రయాణం చెయ్యగలిగితే అక్కడి ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్‌లో పరీక్ష గట్టిగా ఉంటుంది, మిషన్లూ తగ్గింపు ధరకు ఇస్తారు. కాకపోతే సెట్టింగు మార్చాల్సివచ్చినప్పుడల్లా మైసూరే పోవాలి.

సెల్లులు, చెమట, గుండు

సెల్లు సైజులకు రంగులుంటాయి. 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. చిన్నది వారం లోపే అయిపోవచ్చు, 13 వారం నుంచి రెండు వారాలు, 675 అంతకంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ఇవి గాలి తగిలితే పనిచేసే జింక్ సెల్లులు. వెనక స్టిక్కరు తీసి రెండు మూడు నిమిషాలు గాలికి ఉంచి అప్పుడు పెట్టాలి. వెంటనే మూసేస్తే బలం చాలక "కొత్త సెల్లు కూడా పనిచెయ్యలేదు" అంటారు. ఒకసారి స్టిక్కరు తీశాక మళ్ళీ అంటించినా పెద్దగా మిగలదు. కొనేటప్పుడు గడువు తేదీ చూడాలి, పాత సరుకు ఈ వ్యాపారంలో చాలా తిరుగుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే వాడేసిన సెల్లులు కూడా అందకుండా ఉంచాలి. మింగితే ఇంటి వైద్యం చెయ్యకుండా నేరుగా ఆసుపత్రికే.

ఏప్రిల్, మే ఎండల్లో మన దగ్గర మిషన్లను పాడుచేసేది చెమట. రాత్రి సెల్లు తలుపు తెరిచి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి. తలకు నూనె రాసుకున్న వెంటనే పెట్టుకుంటే మైకు రంధ్రాలు మూసుకుపోతాయి. కొండకు పోయినప్పుడు కల్యాణకట్ట మెట్లెక్కకముందే మిషను తీసి డబ్బాలో వేసి, మనవడి జేబులో కాకుండా పెద్దవాళ్ళ చేతికివ్వాలి. తడి తలతో, గంధం పూతతో మళ్ళీ పెట్టుకోవద్దు.

పనిచెయ్యనప్పుడు దుకాణానికి పరిగెత్తేముందు వరసగా చూడండి. సెల్లు మార్చండి, ప్లస్ గుర్తు పైకుందా చూడండి. అచ్చు ఊడదీసి మిషను ఒక్కటే చేతిలో మూస్తే ఈల వస్తోందా? వస్తే మిషను బాగుంది, అచ్చులోనో ట్యూబులోనో గులిమి, నీటిబొట్టు అడ్డుపడింది. అచ్చును విడిగా గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి, ఊది, ఆరబెట్టాలి, మిషనుకు నీళ్ళు తగలకూడదు. ఈల కూడా రాకపోతే అప్పుడు మరమ్మతుకు. ఇక్కడి నుంచి చాలా కంపెనీల మిషన్లు బయటి నగరాల సర్వీసు కేంద్రాలకు పోయి రావాలి, రెండు మూడు వారాలు అనుకోండి. ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోవాలి, అన్ని రోజులకూ వేరే మిషను అడగాలి. వారంటీ దాటాక మరమ్మతు అంచనా కొత్త మిషను ధరలో సగం దాటితే వద్దనెయ్యండి, ఆరేళ్ళు దాటిన మిషనైతే మూడో వంతు దాటినా వద్దు.